నోటీసుకు జవాబు రాద్దాం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, అందరిలాగే నేనూ ముందు పాత జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. రేకు పెట్టె, దాని తాళంచెవి పోతే రాయితో తాళం పగలగొట్టిన సంగతి, గుడ్డు పెట్టే రోజు పళ్లెం పట్టుకుని నిలబడ్డ వరస, పరీక్షల ముందు వరండాలో ఒక్క లైటు కింద పదిమందిమి చదువుకున్న రాత్రులు. ఇవన్నీ పాత సంచికల్లో అన్నలు నాకంటే బాగా రాశారు. అందుకని ఈసారి ఎవరూ రాయని విషయం ఒకటి ఎంచుకున్నాను. అది డ్రైవింగ్ లైసెన్సు. ఆ లైసెన్సు మీద వేటు పడబోతున్నప్పుడు మనం ఏం చేయాలి అన్నది.

నవ్వకండి. ఈ సంచిక చదువుతున్న తమ్ముళ్లలో, చెల్లెళ్లలో ఎంతమంది ఇళ్లలో ఆటో మీదో, ట్రాక్టర్ మీదో, లారీ స్టీరింగ్ మీదో పొయ్యి వెలుగుతోందో ఒక్కసారి లెక్క వేసుకోండి. మన ముండ్లమూరు మండలంలో పొలం ఉన్నవాడికి పట్టాదారు పాస్‌పుస్తకం ఎంతో, పొలం లేని డ్రైవరుకి లైసెన్సు అంత. మా వంశంలో డిగ్రీ చేతపట్టిన మొదటివాణ్ణి నేనే. కానీ మా ఇంటికి వచ్చిన మొదటి సర్కారు యోగ్యతాపత్రం నా డిగ్రీ కాదు. మా చిన్నాయన డ్రైవింగ్ లైసెన్సు. నా ఇంటర్ ఫీజు, డిగ్రీ పుస్తకాలు ఆ కార్డు మీదనే వచ్చాయి.

చిన్నాయనకు వచ్చిన కాగితం

పోయిన ఏడాది మిరపకాయ కోతల కాలంలో నేను ఇంటికి వెళ్లాను. చిన్నాయన ఆటో ఇంటి ముందే ఉంది. కోతల రోజుల్లో పొద్దున ఆరు గంటలకు ఆటో ఇంటి దగ్గర ఉందంటే ఏదో జరిగిందని అర్థం. పిన్ని మాట్లాడలేదు. చిన్నాయన చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, "ఒరే పెద్దోడా, ఇదేందో చూడరా. నా లైసెన్సు పోయిందంట గదా" అన్నాడు.

నేను చదివాను. లైసెన్సు పోలేదు. "మీరు ఈ కింది రెండు ఉల్లంఘనలు చేసినట్టు నివేదిక అందింది. మీ లైసెన్సును మూడు నెలలు ఎందుకు సస్పెండ్ చేయకూడదో వారం రోజుల్లో తెలియజేయండి" అన్నది దాని సారాంశం. అంతా ఇంగ్లీషులో ఉంది. మొదటిది, డ్రైవరు సీటులో తనకు రెండు పక్కలా మనుషుల్ని కూర్చోబెట్టుకుని నడిపాడని. రెండోది, వేరే ఊళ్లో సెల్‌ఫోన్ మాట్లాడుతూ నడిపాడని.

కాగితం వచ్చి అప్పటికే నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజుల్లో చిన్నాయన దాన్ని ఇద్దరికి చూపించాడు. ఒకాయన, "ఇంకేముంది, రద్దయినట్టే" అన్నాడు. ఇంకొకాయన ఆఫీసు బయట తిరిగే బ్రోకరు. నాలుగు వేలిస్తే తాను చూసుకుంటానన్నాడు. చిన్నాయన ఆ నాలుగు వేల కోసం అప్పు అడగడానికి బయలుదేరబోతుంటే నేను దిగాను.

ఆ కాగితంలో "తెలియజేయండి" అన్న మాట ఉంది. అంటే వాళ్లు మనల్ని ఒక ప్రశ్న అడిగారు. మన ఇళ్లలో సర్కారు కాగితాన్ని ప్రశ్నగా ఎవరూ చదవరు, తీర్పుగా చదువుతారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క విషయమే.

పాయింట్ల లెక్క ఎక్కడిది?

లైసెన్సు మీద పాయింట్లు వేసే పద్ధతి మనకు దగ్గరగా హైదరాబాదులో వచ్చింది. 2017 ఆగస్టు 1 నుంచి తెలంగాణలో హైదరాబాద్, సైబరాబాద్, రాచకొండ కమిషనరేట్లలో దీన్ని మొదలుపెట్టారు. హెల్మెట్ లేకపోతే 1 పాయింటు, రాంగ్ రూటులో వెళితే 2, ప్రయాణికులతో ఉన్న ఆటోనో బస్సునో తాగి నడిపితే 5. ఇలా 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే ఏడాది పాటు లైసెన్సు సస్పెండ్ చేస్తామన్నారు. మన ప్రాంతం నుంచి హైదరాబాదు వెళ్లి క్యాబులు, ఆటోలు నడిపే అన్నలు అప్పట్లో ఈ పాయింట్ల గురించి భయంభయంగా మాట్లాడుకోవడం నాకు గుర్తుంది.

ఇంగ్లాండులో ఈ పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. అక్కడ మూడేళ్లలో 12 పాయింట్లు పడితే మామూలుగా కనీసం 6 నెలలు బండి నడపకుండా కోర్టు నిషేధిస్తుంది. కానీ అక్కడ డ్రైవరుకి రెండు దారులు ఉన్నాయి. నేరం చేయలేదనుకుంటే జరిమానా కట్టకుండా మెజిస్ట్రేటు కోర్టులో వాదించుకోవచ్చు. 12 పాయింట్లు నిజంగానే పడ్డాయనుకోండి, ఈ నిషేధం వల్ల తనకూ తన మీద ఆధారపడ్డవాళ్లకూ మామూలు కంటే మించిన కష్టం వస్తుందని కోర్టును ఒప్పించుకోవచ్చు. కెమెరాకు చిక్కిన వేగం కేసుల్లో నోటీసు 14 రోజుల్లోపు బండి యజమానికి చేరాలన్న నియమం కూడా ఉంది. అంటే శిక్ష ఎంత కచ్చితమో, ఆ శిక్షను ప్రశ్నించే దారీ అంత కచ్చితం.

మన దగ్గర పాయింట్లు అన్న పేరు లేకపోయినా లెక్క మాత్రం వచ్చేసింది. 2026 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలు మార్చింది. ఒక ఏడాదిలో ఐదు లేదా అంతకు మించి ఉల్లంఘనలు చేసిన డ్రైవరు లైసెన్సు మీద చర్య తీసుకోవచ్చని చేర్చింది. ఇది పాయింట్ల పద్ధతికి చిన్నతమ్ముడు లాంటిది. ఇప్పుడు ప్రతి చలానా ఒక మెట్టు. అందుకే తప్పుడు చలానా ఒక్కటైనా చూసీచూడనట్టు వదిలేయడానికి లేదు. "పోనీలే, వంద రూపాయలే గదా" అని మనది కాని తప్పుకు జరిమానా కడితే, ఆ తప్పు మన లెక్కలో కూర్చుంటుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. జరిమానా కట్టేస్తే అంతా అయిపోయినట్టేనని మనవాళ్లు అనుకుంటారు. 2019లో మోటారు వాహనాల చట్టానికి తెచ్చిన సవరణ ప్రకారం అలా కాదు. జరిమానా కట్టి రాజీ చేసుకున్నా, ఆ తప్పు రెండోసారి చేస్తే మొదటిదాన్ని పాత తప్పుగానే లెక్కిస్తారు. పోలీసులు లైసెన్సును రవాణా అధికారికి పంపే తరహా కేసుల్లో, జరిమానా కట్టినంత మాత్రాన లైసెన్సు మీద విచారణ ఆగదు.

చట్టం ఏం చెబుతోంది?

నేను లా చదవలేదు. ఎం.ఏ. చదువుతున్నాను. కానీ చిన్నాయన కాగితం పుణ్యమా అని 1988 మోటారు వాహనాల చట్టంలో 19వ సెక్షన్ పదిసార్లు చదివాను. హాస్టల్లో టెన్త్ ఇంగ్లీషు పాఠం చదివినట్టే, తెలియని మాటకు నిఘంటువు చూసుకుంటూ చదివాను. అందులో నాకు అర్థమైంది ఇది.

లైసెన్సును కొంతకాలం ఆపాలన్నా, రద్దు చేయాలన్నా ఆ అధికారం లైసెన్సింగ్ అథారిటీది, అంటే రవాణా శాఖ అధికారిది. కోర్టుకు కూడా వేరే సెక్షన్ల కింద ఆ అధికారం ఉంది. పోలీసు అధికారి కొన్ని నేరాల్లో లైసెన్సు తీసుకుని రవాణా అధికారికి పంపవచ్చు. అతివేగం, ప్రమాదకరంగా నడపడం, తాగి నడపడం, బండి మీద ముగ్గురు ఎక్కడం, హెల్మెట్ పెట్టుకోకపోవడం లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. కానీ లైసెన్సు తీసుకున్నప్పుడు రసీదు ఇవ్వాలి. శిక్ష వేయడం మాత్రం పోలీసుల పని కాదు. 2022లో కలకత్తా హైకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. వేగంగా నడిపారని ఒకరి లైసెన్సును పోలీసు అధికారి 90 రోజులు సస్పెండ్ చేశారు. లైసెన్సు పట్టుకుని పంపే అధికారం పోలీసులదే గానీ, సస్పెండ్ చేసే అధికారం లైసెన్సింగ్ అథారిటీదేనని కోర్టు తేల్చి చెప్పింది.

రెండో సంగతి. ఆ రవాణా అధికారి కూడా తనంతట తాను గీత గీసేయడానికి వీల్లేదు. లైసెన్సుదారుకు తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆ తర్వాత ఆర్డరు వేస్తే కారణాలు రాతలో ఉండాలి. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, సెక్షన్‌లోనే ఉంది.

మూడో సంగతి. ఆర్డరు మనకు వ్యతిరేకంగా వచ్చినా అక్కడితో అయిపోలేదు. ఆర్డరు చేతికందిన 30 రోజుల్లో నిర్దేశించిన పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఈ 30 రోజుల గడువు చాలా ముఖ్యం. మనవాళ్లు సాధారణంగా ఈ 30 రోజులూ బ్రోకర్ల చుట్టూ తిరిగి, ముప్పై ఒకటో రోజు చదువుకున్నవాళ్ల దగ్గరకు వస్తారు.

నాలుగో సంగతి చలానా గురించి. లైసెన్సు దాకా రాకముందే చలానా దశలోనే తప్పును సరిదిద్దుకోవచ్చు. 2026 నియమాల్లో చలానా కట్టడానికో, ఒప్పుకోనని అభ్యంతరం చెప్పడానికో 45 రోజుల గడువు పెట్టారు. పరివాహన్ వెబ్‌సైటులో బండి నంబరు కొడితే చలానాలు కనిపిస్తాయి. కెమెరాతో వేసిన చలానా అయితే ఫోటో చూడండి. నంబరు మనదేనా, బండి మనదేనా, ఆ తేదీన మనం అక్కడ ఉన్నామా, ఈ మూడూ చూసుకున్నాకే కట్టండి.

ఇదంతా కొత్తగా వచ్చిన హక్కు కాదు. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టును ప్రభుత్వం స్వాధీనం చేసుకుని కారణాలు చెప్పడానికి నిరాకరించినప్పుడు, ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. మనిషి మాట వినకుండా అతని హక్కును తీసేయకూడదన్న సూత్రాన్ని 1978లో కోర్టు ఆ కేసులో గట్టిగా నిలబెట్టింది. 1985లో బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్ల కేసులో, బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని అదే సుప్రీంకోర్టు చెప్పింది. పాస్‌పోర్టు ఉన్న పెద్దింటి వాళ్లకు ఒక న్యాయం, ఆటో లైసెన్సు ఉన్న చిన్నాయనకు ఒక న్యాయం ఉండదు. కాకపోతే, పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు అడగడం తెలుసు.

మేం రాసిన జవాబు

మళ్లీ మా ఇంటికి వద్దాం. ఆ రాత్రి చిన్నాయన్ని కూర్చోబెట్టి రెండు ఆరోపణలూ విడివిడిగా అడిగాను. సెల్‌ఫోన్ సంగతి ఎత్తగానే, "ఆ తేదీన నా బండి షెడ్డులో ఉందిరా, ఇంజను దింపారు" అన్నాడు. పిన్ని ట్రంకు పెట్టెలోంచి మెకానిక్ ఇచ్చిన బిల్లు తీసింది. తేదీ సరిగ్గా సరిపోయింది. తర్వాత ఫోన్‌లో చలానా ఫోటో తీసి చూశాం. అందులో ఉన్నది ఆటోనే గానీ మాది కాదు. నంబరు చివరి అంకె వేరు. ఒక్క అంకె తేడాతో ఎవరిదో తప్పు మా ఇంటికి వచ్చింది.

ఇక మొదటి ఆరోపణ. చిన్నాయన తల దించుకున్నాడు. "అది నిజమేరా" అన్నాడు.

అది నిజమని నాకూ తెలుసు. ఎందుకంటే ఆ ఆటోలో మా అమ్మ కూడా వెళుతుంది. కోతల కాలంలో తెల్లవారుజామున మన ఊళ్ల నుంచి బయలుదేరే ఆటోలు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు. లోపల ఇరుక్కున్నవాళ్లు కాక, డ్రైవరుకు అటొకరు ఇటొకరు. హ్యాండిల్ తిప్పడానికి మోచేతికి చోటుండదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 21వ నియమం కింద లైసెన్సు మీద చర్యకు కారణమయ్యే పనుల జాబితా ఉంది. డ్రైవరుకు రోడ్డు సరిగా కనపడకుండా, బండి అదుపులో ఉండకుండా మనుషుల్ని కూర్చోబెట్టుకోవడం అందులో ఒకటి. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం ఇంకొకటి.

ఆ నియమం పెట్టినవాళ్లకు మన మీద పగేమీ లేదు. 2020 మే 14న మన జిల్లాలోనే, నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర, మిరప కోతకు వెళ్లి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొట్టింది. కనీసం తొమ్మిది ప్రాణాలు పోయాయి. ఆ వార్త చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది మా అమ్మే. 2015లో సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ, అతివేగం, తాగి నడపడం, సెల్‌ఫోన్ మాట్లాడుతూ నడపడం, సరుకు బండ్లలో మనుషుల్ని ఎక్కించడం లాంటి తప్పులకు కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది కూడా ఇలాంటి చావులను చూసే.

కాబట్టి జవాబులో అబద్ధం రాయకూడదని నిర్ణయించుకున్నాం. చిన్నాయనకు మొదట నచ్చలేదు. "ఒప్పుకుంటే మెడకు చుట్టుకుంటదేమోరా" అన్నాడు. నేను ఒక్కటే అడిగాను. "రెండూ అబద్ధమని రాస్తే, నిజంగా అబద్ధమైనదాన్ని కూడా ఎవరు నమ్ముతారు చిన్నాయనా?" కాసేపు బీడీ కాల్చుకుని, "సరే, నీ ఇష్టం, రాయి" అన్నాడు.

తెలుగులోనే రాశాం. ఒక్క పేజీ. పైన పేరు, లైసెన్సు నంబరు, నోటీసు నంబరు, తేదీ. తర్వాత మూడు పేరాలు. ఒకటి, సెల్‌ఫోన్ ఆరోపణ మాది కాదు, ఆ ఫోటోలో ఉన్న నంబరు ఇది, మా నంబరు ఇది, ఆ రోజు బండి మెకానిక్ దగ్గర ఉన్నట్టు బిల్లు జతచేశాం. రెండు, పక్కన మనుషుల్ని కూర్చోబెట్టుకున్న మాట నిజం, అది తప్పని ఒప్పుకుంటున్నాం, ఇంతకుముందు ఇన్నేళ్లలో మా వల్ల ప్రమాదం జరగలేదు, మళ్లీ చేయం. మూడు, ఈ లైసెన్సు మీద ఐదుగురి కుటుంబం బతుకుతోంది, శిక్ష వేసేముందు మా మాట స్వయంగా వినాలని కోరుతున్నాం. కింద సంతకం. రెండు కాపీలు తీసి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకున్నాం. ఆ ముద్ర వేయించుకోవడానికే గంటన్నర పట్టింది. అయినా ముద్ర లేకుండా కదలలేదు.

పిలిచిన రోజు ఇద్దరం వెళ్లాం. అధికారి ఫోటో చూశారు, బిల్లు చూశారు, సెల్‌ఫోన్ ఆరోపణ కొట్టేశారు. రెండో దానికి చిన్నాయన్ని సూటిగా అడిగారు. చిన్నాయన చేతులు కట్టుకుని, "తప్పే సార్" అన్నాడు. మూడు నెలలు అనుకున్నది ఒక నెల చేసి ఆర్డరు ఇచ్చారు.

ఒక నెల ఆటో ఆగింది. ఆ నెల చిన్నాయన పిన్నితో కలిసి కోతకు వెళ్లాడు. కొందరు నాతో, "ఇంత చదువు చదివి ఏం సాధించావు, నాలుగు వేలిస్తే అసలు నోటీసే మాయమయ్యేది గదా" అన్నారు. నేను సాధించినదేమిటో నాకు తెలుసు. చేయని తప్పు మా చిన్నాయన లెక్కలో లేదు. చేసిన తప్పుకు ఎంత శిక్షో అంతే పడింది. నాలుగు వేల అప్పు లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఒక అధికారి ముందు మా చిన్నాయన తన నోటితో తన మాట చెప్పుకున్నాడు. ఆ నెల తర్వాత ఆయన పక్కన ఎవర్నీ కూర్చోబెట్టుకోలేదు. బ్రోకరుకు డబ్బులిచ్చి ఉంటే ఆ మార్పు వచ్చేదంటారా?

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. శిక్ష తగ్గించే వీలు అన్ని కేసుల్లో ఒకేలా ఉండదు. పోలీసులు లైసెన్సు పట్టుకుని పంపిన హెల్మెట్, తాగుడు లాంటి కేసుల్లో విచారణ తర్వాత విడిచిపెట్టడమో, మొదటిసారికి మూడు నెలలు ఆపడమో, రెండోసారికి రద్దు చేయడమో అని చట్టం రాసింది. అందుకని ఏ సెక్షన్ కింద నోటీసు వచ్చిందో ముందు చూసుకోవాలి. సస్పెండ్ అయిన కాలంలో "ఎవరు చూస్తారులే" అని బండి తీయకూడదు. దానికి మూడు నెలల వరకు జైలు, పది వేల రూపాయల జరిమానా ఉన్నాయి. ఆ సమయంలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు విషయంలో కుటుంబం మొత్తం చిక్కుల్లో పడుతుంది.

తప్పు చేసినవాళ్లకు సాయమా?

నా రూమ్మేట్ ఒకడు ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి ఒక మాట అన్నాడు. "రోడ్ల మీద జనం చచ్చిపోతుంటే నువ్వు డ్రైవర్లకు తప్పించుకునే దారి చెబుతున్నావు" అని. ఆ మాటను తేలిగ్గా తీసుకోలేను. రోడ్డు ప్రమాదంలో నాన్నను పోగొట్టుకుని హాస్టల్లో చేరిన స్నేహితులు నాకున్నారు. మీలోనూ ఉంటారు.

కానీ తప్పించుకోవడం వేరు, జవాబు చెప్పుకోవడం వేరు. తప్పించుకునే దారి ఇప్పటికే ఉంది. అది ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటుంది. డబ్బున్నవాడు ఆ దారిన పోతున్నాడు. లేనివాడు చేయని తప్పుకు కూడా తల వంచుతున్నాడు. చట్టం చూపించిన దారిలో ఇద్దరూ ఒకే కుర్చీ ముందు నిలబడాలి. ఆ దారి వాడేవాళ్లు పెరిగితే బ్రోకరుకు పని తగ్గుతుంది, తప్పుడు చలానాలు తగ్గుతాయి, నిజంగా తప్పు చేసినవాడు దొరుకుతాడు. ఒక్క అంకె తేడాతో మా ఇంటికొచ్చిన ఆ చలానా సంగతే చూడండి. ఫోన్ మాట్లాడుతూ నడిపిన ఆ అసలు మనిషి ఇప్పటికీ నిశ్చింతగా నడుపుతూనే ఉన్నాడు. మేం ఊరుకుని ఉంటే అతని సంగతి ఎవరికీ తెలిసేదే కాదు.

ప్రభుత్వాన్ని కూడా మూడు విషయాలు అడగాలి. మన డ్రైవర్లకు వచ్చే ప్రతి నోటీసు తెలుగులో ఉండాలి. చలానా ఫోటో నోటీసుతోపాటే రావాలి. ఆర్డరు చివర ఎవరికి, ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవాలో పెద్ద అక్షరాల్లో రాయాలి. ఇందుకు ఖర్చేమీ కాదు. హక్కు ఉందని చట్టంలో రాసి, ఆ సంగతి హక్కుదారుకు అర్థం కాని భాషలో చెబితే, అది ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?

ఇంకో దారి కూడా మనవాళ్లకు తెలియాలి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఒంగోలులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేసి కూడా అడగవచ్చు. కేసు కోర్టు దాకా వెళితే లాయరు ఫీజుకు భయపడి తప్పు ఒప్పేసుకోనక్కర్లేదు.

మన హాస్టల్ నుంచి మొదలుపెడదాం

చివరగా నా సూచన. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మన హాస్టల్ వరండాలో ఒక బల్ల వేద్దాం. ఇంటర్, డిగ్రీ చదివే పూర్వ విద్యార్థులు ఇద్దరు వంతులవారీగా కూర్చుందాం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎవరికైనా నోటీసు వచ్చినా, చలానా వచ్చినా తెచ్చుకోవచ్చు. చదివి చెబుదాం. జవాబు రాసి పెడదాం. గడువు తేదీ కాగితం మీద ఎర్ర సిరాతో రాసి చేతికిద్దాం. డబ్బు తీసుకోవద్దు. అబద్ధం రాయొద్దు. ఈ రెండే నియమాలు. వార్డెన్ గారు ఒప్పుకుంటే మొదటి నెల నాలుగు ఆదివారాలూ నేనే వస్తాను.

ఒకప్పుడు ఊరికి వచ్చిన ఉత్తరం చదివించుకోవడానికి మన తాతలు కరణం గారి అరుగు కింద నిలబడేవారు. చదివినవాడు ఏం చెబితే అదే ఉత్తరంలో ఉన్నట్టు. ఈ రోజు మన ఇంట్లోనే చదివేవాళ్లం ఉన్నాం. అయినా మా చిన్నాయన ఆ కాగితాన్ని నాలుగు రోజులు జేబులో పెట్టుకుని పరాయివాళ్ల చుట్టూ తిరిగాడంటే, ఆ తప్పులో సగం నాది. చదువుకున్న కొడుకు ఒంగోలులో పరీక్షలకు చదువుతున్నాడు, వాణ్ణి కదిలించకూడదనుకున్నాడట.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక్క పని చేయండి. నాన్ననో, మామనో, అన్ననో అడిగి లైసెన్సు తీయించండి. దాని మీద చివరి తేదీ చూడండి. ఫోన్‌లో బండి నంబరు కొట్టి చలానాలు చూడండి. మనవి అయితే కట్టించండి, మనవి కాకపోతే జవాబు రాయండి. బండిలో పక్కన ఎవర్నీ కూర్చోబెట్టుకోవద్దని చెప్పండి. సర్కారు వాళ్లు చెబితే కోపం వస్తుంది గానీ, హాస్టల్ నుంచి వచ్చిన బిడ్డ చెబితే వింటారు.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థి,
ఎం.ఏ. ద్వితీయ సంవత్సరం